నెమళ్ళను తరిమే యంత్రం

నెమలి ఎంత అందమైన పక్షో అని మురిసిపోయేవాళ్ళెవరూ టమాటా నారు నాటి ఉండరు. అలియాబాద్‌లో నా వాటాకు వచ్చిన చేనులో ఆ ఏడు నేను నారు పెట్టించిన మర్నాడు పొద్దున్నే అవి వచ్చాయి. పక్కనున్న ఖాళీ ప్లాట్ల తుప్పల్లోంచి బయటికొచ్చి, పెళ్ళి విందుకొచ్చిన పెద్దమనుషుల్లాగా తీరిగ్గా సాళ్ళ వెంట నడుచుకుంటూ, కనిపించిన ప్రతి మొక్క మొవ్వనూ గిల్లి వదిలేశాయి. పోనీ తిన్నాయా అంటే అదీ లేదు. రుచి చూసి పక్కన పడేశాయి. కొడదామంటే జాతీయ పక్షి. అరిస్తే ఒకసారి మెడ తిప్పి చూస్తాయి, ఆ చూపులో ఎవరీ మనిషి అన్న విసుగు తప్ప ఇంకేమీ ఉండదు.

నేను మేడ్చల్‌లో ఒక జూనియర్ కాలేజీలో చాలా ఏళ్ళు ఫిజిక్సు చెప్పాను. ఆ కాలేజీ చేతులు మారి, కొత్త యాజమాన్యం వచ్చాక ల్యాబుకు తాళం వేశారు. "ప్రాక్టికల్స్ ఎందుకు మేడం, రికార్డు రాయిస్తే మార్కులు పడతాయి గదా" అని కొత్త ప్రిన్సిపాల్ నవ్వుతూ అన్నాడు. అతనూ ఒకప్పుడు ఫిజిక్సు చదివినవాడే. ఆ నవ్వు చూశాక ఇంకో సంవత్సరం అక్కడ ఉండబుద్ధి కాలేదు. మానేసి చేను పట్టుకున్నాను. మా ఆయన అదే కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాడు. గోదావరి వైపు మనిషి. ఇన్నేళ్ళు ఇక్కడ ఉన్నా యాస మారలేదు, అభిప్రాయాలూ మారలేదు.

నాకొక అన్న ఉన్నాడు. తన వాటా ఎప్పుడో అమ్ముకుని, ఇప్పుడు ఊరివాళ్ళ వాటాలు అమ్మిపెడుతుంటాడు. తెల్ల లాల్చీ, తెల్ల కారు, కారు ముందు అద్దం మీద పార్టీ పదవి రాసిన స్టిక్కరు. ఆ పదవి ఏమిటో స్టిక్కరు వేసినవాడికి కూడా తెలిసి ఉండదు. నా నారు సంగతి విని చూడటానికి వచ్చాడు.

"ఏందే చెల్లె, ఇంక గీ టమాటలేంది? పక్కపొంటి వెంచర్ల కలిపేద్దాం. ప్లాట్లు జేస్తే నెమళ్ళు రావు, పందులు రావు, పరేషానే ఉండది" అన్నాడు.

"ప్లాట్లు జేస్తే నువ్వొస్తవు గదనే. నెమళ్ళే నయం" అన్నాను.

అన్న నవ్వాడు. నేనేమన్నా నవ్వుతాడు. ఎదుటివాళ్ళు తనను తిట్టారని అర్థం కావడానికి మనిషికి కొంత తీరిక ఉండాలి, అది అతనికి లేదు.

చేను చుట్టూ తిరుగుతూ చప్పుడు చేసే బండి ఒకటి, దానంతట అదే నడిచేది, చేసుకుంటే ఎలా ఉంటుందన్న ఆలోచన ఆ సాయంత్రమే వచ్చింది. మా ఆయనతో చెప్పాను.

"బొమ్మలు చేసుకునే వయసటే మనది? అంత ముచ్చటగా ఉంటే ఆన్‌లైన్‌లో కిట్లు దొరుకుతున్నాయి కదా, తెప్పించుకో" అన్నాడు. అని ఊరుకోలేదు, నాతో చెప్పకుండా తనే ఒకటి తెప్పించాడు. అట్టపెట్టె మీద కళ్ళజోడు పెట్టుకున్న పిల్లాడి ఫోటో. లోపల పసుపు రంగు ప్లాస్టిక్ చక్రాలు, అగ్గిపెట్టెంత మోటార్లు. మా హాల్లో గచ్చు మీద చక్కగా తిరిగింది. మా ఆయన అది తనే కనిపెట్టినంత గర్వంగా చూశాడు. మర్నాడు చేనుకు తీసుకెళ్ళి దున్నిన నేల మీద వదిలితే రెండు మట్టిపెళ్ళల మధ్య ఇరుక్కుని, చక్రాలు గాల్లో తిప్పుకుంటూ, బ్యాటరీ అయ్యేదాకా ఏడ్చింది. ఆయన దాన్ని తీసి జేబురుమాలుతో తుడిచి మళ్ళీ పెట్టెలో పెట్టుకున్నాడు. ఇప్పటికీ అది షోకేసులో ఉంది.

పాత ప్రశ్నపత్రాల వెనక వైపు నేను బొమ్మ గీసుకోవడం మొదలుపెట్టాను. దున్నిన నేల మీద నడవాలి. తన దారి తనకు తెలియాలి. చప్పుడు చెయ్యాలి. చెడిపోతే నా చేత్తో నేను బాగుచేసుకోగలగాలి. వీటన్నిటికంటే ముందు తేల్చుకున్న సంగతి ఒకటుంది: దానికి మొహం ఉండకూడదు. మన దగ్గర ఎవరు రోబో చేసినా ముందుగా రెండు కళ్ళు, ఒక నవ్వు అంటిస్తారు. ఆ తర్వాత చెయ్యడానికి వాళ్ళకు ఓపిక మిగలదు.

సలహా కోసం రోబోలు చేసేవాళ్ళ వాట్సాప్ గ్రూపు ఒకదానిలో చేరాను. వట్టి మట్టిలో నడిచే బండికి ఏ మోటారు వాడితే మంచిదని అడిగాను. కెమెరా పెట్టమని ఒకరు, డ్రోను కొనమని ఒకరు, నెమళ్ళను గుర్తుపట్టేలా కంప్యూటరుకు నేర్పించమని ఇంకొకరు. నెమలిని గుర్తుపట్టడం నాకు చేతకాక కాదు కదా. ఒకాయన మాత్రం "మేడం, ప్రాజెక్టు మీ అబ్బాయిదా?" అని మర్యాదగా అడిగాడు. మోటారు సంగతి ఎవరూ చెప్పలేదు. గ్రూపులోంచి బయటికొచ్చేశాను. నేను వెళ్ళిపోయిన సంగతి కూడా వాళ్ళు గమనించి ఉండరు, ఎందుకంటే ఆ పొద్దు అందరూ ఒకరికొకరు శుభోదయాలు పంపుకుంటున్నారు.

కారు అద్దాలు తుడిచే వైపర్ మోటారుకు బలం ఎక్కువ, వేగం తక్కువ. నాకు కావలసింది అదే. మేడ్చల్‌లో పాత బండ్ల సామాను అమ్మే దుకాణానికి వెళ్ళాం. వెళ్ళాం అంటున్నాను, మా ఆయన తోడొస్తానన్నాడు.

"రెండు వైపర్ మోటార్లు గావాలె. ఒక్క తీరు బండియే రెండు" అని నేను దుకాణదారును అడిగాను.

అతను మా ఆయన వైపు తిరిగాడు. "ఏ బండికి సార్?"

"బండికి కాదు. నేను ఒక మిషిను జేస్తున్న. పన్నెండు వోల్టులవి జూపియ్యి" అన్నాను.

"సార్, గివి కార్లకేసేటివి. ఆటసామాన్లకు రావు" అని మళ్ళీ మా ఆయనతోనే చెప్పాడు. మా ఆయన కెమిస్ట్రీ మాస్టారు. మోటారుకు ఎన్ని తీగలుంటాయో కూడా తెలియదు. అయినా చేతులు వెనక్కి కట్టుకుని, సాలోచనగా తల ఊపాడు. నేను నేల మీద పడి ఉన్న గుట్టలోంచి మోటార్లు ఏరి, వెంట తెచ్చుకున్న బ్యాటరీకి ఒక్కోటీ తగిలించి, తిరిగినవి పక్కన పెట్టాను. అంతా అయ్యాక దుకాణదారు "సార్‌కు మంచి నాలెడ్జ్ ఉన్నది" అన్నాడు. మా ఆయన కాదనలేదు. 

చట్రం కోసం హైవే పక్కన గేట్లు చేసే వెల్డింగ్ షాపుకు వెళ్ళాను, ఈసారి ఒంటరిగా. కొలతలతో బొమ్మ ఇచ్చాను. మర్నాడు వెళ్ళేసరికి చట్రం తయారుగా ఉంది. కాకపోతే నాలుగు మూలలా ఇనప లతలు, మధ్యలో ఒక కమలం.

"గిదేంది?" అన్నాను.

"డిజైన్ మేడం. ప్లేన్‌గుంటే ఏం బాగుంటది?"

"కోసెయ్యి."

"ఫ్రీగనే ఏసిన మేడం."

"ఫ్రీగనే కోసెయ్యి."

నా ఎదుటే కోశాడు. కోస్తున్నంతసేపు ఎవరో చచ్చిపోయినట్టు మొహం పెట్టుకున్నాడు. ఈ దేశంలో ఒక వస్తువు చేసే పనిని గురించి ఎవరికీ పట్టదు, దాని మీద పువ్వు లేకపోతే మాత్రం ప్రాణం విలవిల్లాడుతుంది.

మొదట పిల్లల సైకిలు చక్రాలు బిగించాను. నేలలో దిగబడ్డాయి. వాటిని తీసేసి, ఇళ్ళు కట్టేచోట ఇసుక, సిమెంటు మోసే ఒంటిచక్రం బండ్ల లావు టైర్లు వేశాను. అవి దిగబడలేదు. దారి తెలియడానికి చేను చుట్టూ, మధ్య బాట వెంట, కబడ్డీ కోర్టుకు గీసినట్టు సున్నంతో తెల్ల గీత పోశాను. బండి అడుగున కాంతిని పంపి, అది తిరిగొచ్చే తీరును బట్టి కిందున్నది తెల్ల గీతో ఎర్రనేలో చెప్పే చిన్న కళ్ళు వరసగా బిగించాను. గీత ఎటు వంగితే బండి అటు వంగాలి. కాలేజీలో ఇలాంటివే పిల్లలతో బల్ల మీద చేయించేదాన్ని, ల్యాబు ఉన్నన్ని రోజులూ.

బల్ల మీద బాగా నడిచేదే. చేనులో ఎండ దాని కళ్ళు కొట్టేసింది. ఎక్కడ చూసినా తెలుపే కనిపించి, గీత వదిలేసి కంచెలోకి పోయింది. మా ఆయన గట్టు మీద కూర్చుని, "నేను ముందే చెప్పాను, సూర్యుడితో పెట్టుకోకూడదని" అన్నాడు. ఆయన ముందు అలాంటిదేమీ చెప్పలేదు. పాత స్కూటర్ ట్యూబు కోసి, ఆ కళ్ళ చుట్టూ నేల దాకా వేలాడేలా కట్టాను, లోపల చీకటిగా ఉండటానికి.

"దానికి లంగా కూడా కుట్టావూ?" అన్నాడు.

బండి గీత పట్టుకుని నడిచింది. మలుపు దగ్గర ఒక్క క్షణం తడబడి, తిరిగి, మళ్ళీ నడిచింది. బండి మీద ఒక నూనె డబ్బా, దాన్ని కొట్టడానికి చిన్న మోటారుకు కట్టిన ఇనప కడ్డీ పెట్టాను. డబడబమంటూ చేను చుట్టి వచ్చింది. తుప్పల్లో ఉన్న నెమళ్ళు రెక్కలు కొట్టుకుంటూ ఆ ప్లాట్ల ప్రహరీగోడ దాటి పోయాయి. నేను చేసిన వస్తువు నేను చెప్పిన పని చేస్తూ ఉంటే చూడటం లాంటిది ఇంకోటి లేదు. మా ఆయన వైపు తిరిగాను. ఆయన ఫోను చూసుకుంటున్నాడు.

నారు మళ్ళీ పెట్టించాను. కొన్నాళ్ళు ప్రశాంతంగానే గడిచింది. ఆ తర్వాత అన్న వచ్చాడు, వెంట తన ఆఫీసు వాళ్ళిద్దరు. అలియాబాద్ అవతల తన కొత్త వెంచరు ప్రారంభం, వానలు ముదరకముందే. బండి తిరగడం చూసి నోరు తెరిచాడు.

"చెల్లె, గిది నువ్వు జేసినవా? వారెవ్వా! గిది నమస్తే పెడ్తదా?"

"పెట్టది."

"పెట్టిస్తే ఏమైతది?"

"దానికి చేతులు లెవ్వు అన్నా."

"పెడదాం, చేతులదేముంది. మన వెంచర్ల పెద్దసారుకు గిది పూలబొకే ఇయ్యాలె. మస్తు ఫోకస్ అయితది."

"ఇయ్య. గిది చేన్ల పనికి జేసిన. పొమ్మంటే పో" అన్నాను. అన్న నవ్వుతూ వెళ్ళిపోయాడు. ఆ నవ్వును అప్పుడే అనుమానించాల్సింది.

ప్రారంభం రోజు పొద్దున నేను మేడ్చల్‌లో ఉండగా ఫోను వచ్చింది. "చెల్లె, గా మిషిన్ స్విచ్ యాడున్నదే? జల్దీ చెప్పు, పెద్దసారు వస్తాండు."

చేనులో షెడ్డు తాళంచెవి మా ఆయన దగ్గర ఉంటుంది. అన్న వచ్చి అడిగితే ఇచ్చేశాడట. "బావా అని అంత ఇదిగా అడిగితే ఎలా కాదంటాను? బావమరిది కదా, ఒక్క పూటే కదా" అన్నాడు తర్వాత. అన్నకు స్విచ్ ఎక్కడుందో చెప్పకుండా స్కూటరేసుకుని వెళ్ళాను.

షామియానా, మైకు, ఎర్ర తివాచీ. తివాచీ మధ్యలో నా బండి. దానికి పట్టుచీర కట్టారు. నూనె డబ్బా మీద బట్టల దుకాణంలో ఉండే ఆడబొమ్మ తల, గులాబీ రంగు బుగ్గలు, పొడుగాటి కనురెప్పలు, నుదుటన కుంకుమ. రెండు ప్లాస్టిక్ చేతులు నమస్కారం పెడుతున్నట్టు తీగతో చట్రానికి కట్టారు. ఆ చేతుల ముందు పళ్ళెం, పళ్ళెంలో బొకే. నాకు కోపం వచ్చిందని చెప్పలేను. కోపం రావాలంటే ఎదుటివాడిలో ఏదో కొంత ఉండాలి. ఒక పనిముట్టును చూసి వీళ్ళకు తట్టిన ఆలోచన ఇదొక్కటే అన్నది చూస్తూ నిలబడ్డాను.

"గిది గీత లేకుంటే నడువది" అన్నాను.

"గీతే గదా" అన్నాడు అన్న. ఆఫీసు పిల్లగాడు ఒకడు సున్నం తెచ్చి తివాచీ మీద గీత పోశాడు. పోసుకుంటూ పోయి, తివాచీ అంచు దాకా తెచ్చి ఆపాడు. ఆ అంచు దగ్గరే మొదటి ప్లాటు హద్దు మొదలవుతుంది, దానికీ సున్నపు గీతే. రెండు గీతలూ కలిసిపోయాయి. నేను చూశాను. చెప్పలేదు. స్విచ్ వేశాను.

పెద్దసారు, అంటే అన్న పార్టీ నాయకుడు, వచ్చాడు, చుట్టూ మనుషులతో. బండి కదిలింది, నమస్కారం పెట్టుకుంటూ. చీర కింద ఇనప కడ్డీ నూనె డబ్బాను డబడబ బాదడం మొదలుపెట్టింది. పెద్దసారు ఉలిక్కిపడి వెనక్కి అడుగేసి, కెమెరా గుర్తొచ్చి నవ్వాడు. బొకే అందుకోవడానికి చెయ్యి చాచాడు. బండికి ఆగమని ఎవరూ నేర్పలేదు. ఆయన చేతిని దాటి, తివాచీ దిగి, ప్లాటు గీత పట్టుకుంది. జనమంతా ఫోన్లు పైకెత్తి దాని వెంట పడ్డారు. పెద్దసారు కూడా నడిచాడు, నడవకపోతే ఫోటోలో ఉండడు.

మలుపు దగ్గర మలుపు తిరిగింది. మూల దగ్గర మూల తిరిగింది. హద్దురాళ్ళ పక్క నుంచి, డబడబమంటూ, పల్లంలోకి దిగింది. ఆ పల్లం నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. వానాకాలమంతా చెరువు నీళ్ళు అక్కడిదాకా వస్తాయి, మేము గంపలతో చేపలు పట్టేవాళ్ళం. దాన్ని కూడా గీతలు గీసి ప్లాట్లు చేశారు. పైన ఎర్రమట్టి పోసి చదును చేశారు గాని, అడుగున బురద అలాగే ఉంది. బండి ముందు చక్రాలు కూరుకుపోయాయి. చీర కుచ్చిళ్ళు బురదలో తడిశాయి. ఆడబొమ్మ తల మెల్లగా ముందుకు వంగి, ఊడి, దొర్లి, ఆకాశం వైపు చూస్తూ ఆగింది.

 ఇప్పుడైనా అన్న మొహం చెల్లకుండా పోతుందని చూశాను. అన్న మైకు తెప్పించుకున్నాడు.

"చూసిండ్రు గద! మన ప్లాట్ల హద్దు ఇంచు గూడ తప్పలె. మిషినే వచ్చి సూపించింది. గింత పక్కా కొలతలు ఇంక యాడన్న ఉన్నయా?"

చప్పట్లు కొట్టారు. నిజంగా కొట్టారు. కొంపల్లి నుంచి భార్యతో సహా వచ్చిన ఒకాయన, బూట్లు బురదలో దిగి ఉండగా, కోస్తా యాసలో అడిగాడు. "ఇక్కడ నీళ్ళేమైనా నిలుస్తాయాండీ?"

"నీళ్ళు గావు సార్. లేక్ వ్యూ" అన్నాడు అన్న.

ఆయన తల ఊపి, "ఈస్ట్ ఫేసింగేనా మరి?" అని అడిగాడు.

నేను దగ్గరికెళ్ళి, "సార్, వానాకాలం గిక్కడ మోకాలిబంటి నీళ్ళుంటయి. మేము చేపలు వట్టేటోళ్ళం" అని చెప్పాను. ఆయన భార్య సంబరంగా "చేపలు కూడా దొరుకుతాయటండీ" అంది.  ఆ దంపతులు అక్కడే నిలబడి ప్లాటు ఖాయం చేసుకున్నారు.

నా వెనకాలే ఆటోలో వచ్చిన మా ఆయన, నేను కలిసి బండిని బయటికి లాగాం. చీర కత్తిరించి పడేశాను. తలను అక్కడే వదిలేశాను. దాన్ని ఆటో ట్రాలీలోకి ఎక్కించి, పక్కన కూర్చుంటూ ఆయన, "తాళం ఇవ్వకుండా ఉండాల్సింది" అన్నాడు. 

మోటార్లు విప్పి, పళ్ళచక్రాల్లోంచి బురద కడిగి, గ్రీజు పెట్టి మళ్ళీ బిగించేసరికి వానలు ముదిరాయి. సున్నపు గీత పోసినప్పుడల్లా కొట్టుకుపోయింది. తెరిపి ఇచ్చిన రోజుల్లో మళ్ళీ పోసి బండిని వదిలితే, నెమళ్ళు ఈసారి ఎగిరిపోలేదు. పక్కకు జరిగి దారిచ్చాయి. ఆ వారంలోనే బండి వెనక నడవడం మొదలుపెట్టాయి. లావు చక్రాలు తడినేలను తిరగేస్తుంటే బయటపడే పురుగులను ఒక్కొక్కటే ఏరుకు తిన్నాయి. పురుగులు అయ్యాక టమాటాల వైపు తిరిగాయి. నేను నెలల తరబడి కూర్చుని చేసింది, నెమళ్ళకు పొద్దుటి ఫలహారం వడ్డించే బండి.

గట్టు మీద కూర్చుని చాలాసేపు చూశాను. ఇందులో వాటి తెలివి గొప్పదేమీ లేదు, నా తెలివే తక్కువ. రోజూ ఒకే దారిన, ఒకే వేళకు, ఒకే చప్పుడుతో వచ్చేదాన్ని ఎవరు లెక్కచేస్తారు? కాలేజీలో పిల్లలు కూడా నా పాఠానికి కొన్నాళ్ళకు అలాగే పక్కకు జరిగి దారివ్వడం మొదలుపెట్టారు, నాకు అప్పుడు తోచలేదు.

గీతను తీసేశాను. అపార్టుమెంట్ల మెట్ల దగ్గర మనిషి కదిలితే లైటు వెలిగించే పరికరం ఉంటుంది కదా, అలాంటివి తెచ్చి బండికి చుట్టూ పెట్టాను. బండి మధ్య బాటలో ఎండు కంపల చాటున కదలకుండా ఉంటుంది. చుట్టుపక్కల ఏదైనా కదిలితే ఒక్కసారిగా బయటికి దూకుతుంది. ముందుకు దూకుతుందో వెనక్కి దూకుతుందో, దగ్గర ఆగుతుందో గట్టు దాకా పోతుందో దానికే తెలియదు, ఎందుకంటే ప్రతిసారీ పాచికలు వేసినట్టు ఏదో ఒకటి ఎంచుకునేలా దాని ప్రోగ్రాం రాశాను. ఒకసారి డబ్బా మోగుతుంది, ఒకసారి మోగదు. గట్టుకు తగిలితే వెనక్కి మళ్ళడానికి ముందొక మీట. బాట అంచుల వెంట రాళ్ళు పేర్చాను, మొక్కల మీదికి పోకుండా.

ఇలా చెప్పడం సులువు. చెయ్యడం మాత్రం నా ప్రాణం తీసింది. గాలికి కంప కదిలినా దూకేది. కుక్క వస్తే దూకేది. అన్నం గిన్నె పట్టుకుని మా ఆయన వస్తే ఆయన మీదికీ దూకింది, ఆయన గిన్నెతో సహా పక్క సాలులో పడ్డాడు. లేచి మట్టి దులుపుకుని, "ఇది బాగానే పనిచేస్తోందే" అన్నాడు. నాతో ఆయన ఆ బండి గురించి అన్న మంచిమాట అదొక్కటే.

గాలికి దూకకుండా సరిచేశాను. వానలు వెనకబట్టాక మూడోసారి నారు పెట్టించాను. పెద్ద మగ నెమలి ఒకటి తోక ఈడ్చుకుంటూ ముందు వచ్చింది. మొక్క దగ్గర మెడ వంచింది. కంపల్లోంచి బండి చప్పుడు లేకుండా దూకి, దాని ముందు దాకా వచ్చి ఆగి, అప్పుడు డబ్బా మోగించింది. ఆ పక్షి నోటి నుంచి వచ్చిన అరుపు ఊరవతలికి వినిపించి ఉంటుంది. మర్నాడు ఇంకో వైపు నుంచి వచ్చాయి, బండి కూడా ఇంకో వైపు దూకింది. క్రమంగా చేను మీదికి రావడం తగ్గించి, గోడ మీద కూర్చుని దూరం నుంచి చూడటం మొదలుపెట్టాయి. వాటి చూపులో విసుగు పోయింది. నన్ను కాకపోయినా, నేను చేసినదాన్ని గౌరవించాయి. మనుషుల దగ్గర నాకు అంత కూడా దొరకలేదు.

మూలల్లో తుప్పు పట్టకుండా రంగు వేశాను. వెల్డింగ్ కోసిన చోట గరుకుగా ఉన్న అంచులు రాసి నున్నగా చేశాను. తీగలన్నీ పైపులోకి దూర్చి, పైపు నోళ్ళు మూశాను. దానికి ఇక చెయ్యాల్సింది ఏమీ లేదని తెలిసిన రోజున మా ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఇంతేనా? ఇంకేమీ చెయ్యదా?" అని అడిగాడు.

"ఏం జెయ్యది" అన్నాను. నాకు చాలా సంతోషంగా ఉంది.

చలికాలంలో అన్న ఇంకో వెంచరు మొదలుపెట్టాడు. ఈసారి శామీర్‌పేటలో ఫంక్షన్ హాలులో. వదిన స్వయంగా వచ్చి పిలిచింది కాబట్టి వెళ్ళాను. గుమ్మంలో నిలువెత్తు తెల్ల ప్లాస్టిక్ రోబో, మొహం స్థానంలో మెరిసే తెర, తెర మీద రెండు నీలం కళ్ళు, ఒక నవ్వు. వచ్చినవాళ్ళకల్లా ఇంగ్లీషులో స్వాగతం చెబుతోంది. తెలుగు రాదు. కార్యక్రమాలకు అద్దెకిచ్చేది. పక్కన పరదా వెనక టై కట్టుకున్న కుర్రాడొకడు రిమోటు పట్టుకుని ఆడిస్తున్నాడు, చెప్పుల అంచులు కనబడుతున్నాయి.

అన్న నన్ను చూసి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి జనం మధ్య నిలబెట్టాడు. "గిది మా చెల్లె జేసింది!"

"నేను జెయ్యలె అన్నా. గిది కిరాయిది."

"సూసిండ్రా, గింత పెద్ద పని జేసి నేను జెయ్యలె అంటది. మస్తు సింపుల్ మనిషి."

జనం నవ్వారు. చేతులు కలిపారు. ఒకాయన శాలువా తెప్పించి కప్పాడు. నేను ఇంకో రెండుసార్లు, గట్టిగా, నాది కాదని చెప్పాను. చెప్పిన ప్రతిసారీ వాళ్ళ కళ్ళలో గౌరవం పెరిగింది. చివరికి రిమోటు కుర్రాడు కూడా పరదా వెనక నుంచి వచ్చి, "మేడం, రోబోటిక్స్ మీరు ఎక్కడ చేశారు?" అని వినయంగా అడిగాడు. తను అద్దెకు తెచ్చినదాన్ని నేను చేశానని వాడే నమ్మాడు.

కొంపల్లిలో ఉంటామని చెప్పి ఒకావిడ దగ్గరికొచ్చింది. "మా పాపకు కూడా ఇదంటే చాలా ఇంట్రెస్టండీ. ఏ కోచింగులో చేర్పించమంటారు?"

"కోచింగ్ వద్దు. ఇంట్ల పాత మిక్సీ ఉంటే ఇప్పి మళ్ళ బిగించుమను" అన్నాను.

ఆవిడ నేనేదో జోకు వేసినట్టు నవ్వి, పాపను తీసుకెళ్ళి ప్లాస్టిక్ రోబో పక్కన నిలబెట్టి ఫోటో తీసుకుంది. ఆ ఫోటోలో వెనక నేను కూడా పడి ఉంటాను, శాలువాతో.

భోజనం బాగుంది. తిన్నాను. వెళ్ళొస్తానని వదినకు చెప్పి, శాలువాను కుర్చీ మీద మడిచి పెట్టి, అలియాబాద్ వైపు స్కూటరు తిప్పాను. టమాటాలు రంగు తిరుగుతున్నాయి, కోతకు మనుషులను మాట్లాడుకోవాలి.